మా బావ విప్పిన బ్రేకులు

ఎనభై నాలుగు, మే నెలలో ఒక శనివారం, ఉదయం తొమ్మిది గంటలకు జరిగిన సంగతి ఇది. నిన్న మా వీధి మలుపులో ఏదో పాత కారు బ్రేకు వేస్తే ఇనుము మీద ఇనుము రాసుకున్నట్టు కీచుమంది. మనవరాలు చెవులు మూసుకుంది. నాకు మాత్రం అమెరికాలో, అరోరా ఊళ్ళో మా బావ షెడ్డు, అక్కడి గ్రీజు వాసన, ఆయన గొంతు అన్నీ కలిసి ఎదురొచ్చాయి.

మా అక్క రూతమ్మ భర్త దేవదానం. పాత అమెరికన్ కార్ల బ్రేకులు బాగుచేసేవాడు. విప్పిన సామాను తుడవడం నా పని. అప్పటికి నలభై ఏళ్ళొచ్చినా నాకు అక్షరం ముక్క రాదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక, నేను తుడిచిన, చక్రం లోపలుండే ఇనప గిన్నెలాంటి బ్రేకు డ్రమ్ము మీదే సుద్దముక్కతో అ, ఆ రాసి దిద్దించేవాడు. "చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడేది నువ్వొక్కదానివే మరదలా," అనేవాడు. "పాట సరిగ్గానే వస్తోందిగా బావా," అనేదాన్ని. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన చలవే.

ఆ శనివారం క్యారొల్ అనే అమ్మాయి తన తండ్రి కారు తెచ్చింది. యాభైల నాటి స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు. ఫ్యాక్టరీలోనే రేసు బ్రేకులు అదనంగా పెట్టించి కొన్నానని ఆయన పోయేదాకా చెప్పుకునేవాడట. తోటి కార్ల పిచ్చివాళ్ళు గొప్పలు పోతున్నాడని నవ్వేవారట. ఆయనను పాతిపెట్టిన రోజున కూడా ఆ నవ్వు పిల్ల చెవిన పడింది. "కారు అమ్మడానికి కాదు. మా నాన్న అబద్ధాలకోరో కాదో నాకు తెలియాలి," అంది. ఆమె ఇంగ్లీషును బావ నాకు తెలుగు చేసి చెప్పాడు.

బావకు ఒక పద్ధతి ఉండేది. చక్రం విప్పేముందు ఇంట్లోవాళ్ళను అడిగేవాడు. "చలిగా ఉన్న ఉదయం మీ నాన్న ఎలా నడిపేవాడమ్మా?"

"నన్ను ఎక్కించుకునేముందు ఒక్కడే వీధి చివరిదాకా వెళ్ళొచ్చేవాడు. దారంతా బ్రేకు తొక్కుతూ, వదులుతూ. కారుకి ఎక్కిళ్ళొచ్చాయా అని అమ్మ వెక్కిరించేది."

బావ నావైపు తిరిగాడు. "రేసు బ్రేకుల్లో లోహపు లైనింగ్ ఉంటుంది, అదే డ్రమ్ముకి ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీ. చల్లగా ఉంటే సరిగా పట్టదు. వేడెక్కాకే పిల్లని ఎక్కించాడు, చూశావా?"

చక్రం తీసి డ్రమ్ము ఊడదీశాం. లోపల మామూలు లైనింగే. డ్రమ్మూ మామూలుదే. "ఏముంది బావా, కోతలు కోశాడు," అనేశాను. తెలుగు రాకపోయినా ఆ అమ్మాయి నా మొహం చదివేసి తల దించుకుంది.

"నీ నోటికి ముందు బ్రేకులు వెయ్యాలి," అన్నాడు బావ. "లైనింగ్ అరిగితే మారుస్తారు. డ్రమ్ములూ మారుస్తారు. ఎవరూ మార్చనిదాన్ని చూడాలి. తడిగుడ్డ ఇలా ఇయ్యి."

బ్రేకు సామానంతా బిగించి ఉండే వెనక పళ్ళేన్ని నిదానంగా తుడిచాడు. మడ్డి కింద చిన్న రేకుముక్కలు బయటపడ్డాయి. దుమ్ము చొరబడకుండా ఎవరో తర్వాత బిగించినవి. వాటిని తీస్తే గాలి ఆడే కంతలు, ఒకదాని అంచున కంతకు కప్పిన ఇనప వల తాలూకు తుప్పు పట్టిన పీలిక. పళ్ళేనికి ఉన్న పాత నల్లరంగే కంతల అంచుల్లోకీ దిగి ఉంది. తర్వాతెప్పుడో తొలిచి ఉంటే అక్కడ వట్టి ఇనుము కనపడాలి. అయినా బావ తొందరపడలేదు. మిగతా చక్రాలూ విప్పించాడు. అన్నింటా అదే.

"ఇవి రేసు బ్రేకుల పళ్ళేలే. పరుగులో మితిమీరిన వేడి పోవడానికి ఫ్యాక్టరీలోనే ఈ కంతలు పెట్టేవారు. మీ నాన్న చెప్పింది నిజం," అన్నాడు. ఆ వెంటనే, "లైనింగ్‌లు, డ్రమ్ములు మాత్రం తర్వాతవి. అవి కూడా ఒరిజినల్ అని నాతో అనిపించకు," అన్నాడు. చల్లటి బ్రేకు పట్టదని, అందుకే ఆమెను ఎక్కించుకునేముందు తండ్రి వేడెక్కించేవాడని ఆమెకూ ఇంగ్లీషులో విడమరిచాడు.

క్యారొల్ ఒక కంత అంచును తడిమి, మసి చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. అప్పుడే కేరేజీతో వచ్చిన అక్క, "ఏం చేశారయ్యా పిల్లని?" అని మా మీద కేకలేసి, ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరింది. "నా కోసం వేడెక్కించేవాడు, నా కోసం," అంటూనే ఉంది ఆ అమ్మాయి. ఆ మాటకు బావ తెలుగు చెప్పనక్కర్లేకపోయింది.

బావ పోయి చాలా కాలమైంది. నా నోరు ఏమీ మెత్తబడలేదు. కానీ పోయిన మనిషి మాటను ఎవరైనా కొట్టిపారేస్తే, "ఇంట్లోవాళ్ళని అడిగారా?" అంటాను. చాలామంది అడిగి ఉండరు.

ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్ళం: మా బావ దేవదానం, మా అక్క రూతమ్మ, క్యారొల్, నేను మార్తమ్మను.