నేలలా కనిపించిన నీళ్ళు

మా మేడ మీద నిలబడి చూస్తే చెరువు కనిపించేది కాదు, పచ్చటి బయలు కనిపించేది. గుర్రపుడెక్క ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా అల్లుకుపోయి, దాని మీద గడ్డి మొలిచి, ఆ గడ్డిలో కొంగలు నింపాదిగా నడుస్తూ ఉండేవి. కొత్తగా అపార్ట్‌మెంట్లలోకి వచ్చినవాళ్ళు దాన్ని పార్కు అనుకునేవాళ్ళు. ఒకామె నన్నే అడిగింది, లోపలికి గేటు ఎటువైపు అని.

సర్జాపుర రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది మా ఊరు. ఊరంటే ఇప్పుడు రెండు వీధులు మిగిలాయి, చుట్టూ అపార్ట్‌మెంట్లు. మావాళ్ళు ఇక్కడికి ఎప్పుడొచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. గడప లోపల తెలుగు, గడప బయట కన్నడం. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, అత్తతో కలిసి మా పక్కింట్లోనే ఉండేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. అమ్మ పోయాక నాకు పుట్టినిల్లు అంటే ఆ ఇల్లే.

మామ బొమ్మసంద్ర ఫ్యాక్టరీలకు సరుకు తోలే టెంపో డ్రైవరు. పొట్టి మనిషి, కోపిష్టి. ఉదయం టీ చల్లారిందని తిట్టడం మొదలుపెడితే ట్రాఫిక్ మీదుగా వచ్చి చెరువు దగ్గర ఆగేవాడు. చిన్నప్పుడు అందులో ఈదినవాడే, చేపలు పట్టి తెచ్చినవాడే. నాకు ఊహ తెలిసేసరికే ఊళ్ళోవాళ్ళు అందులో కాళ్ళు కడగడం మానేశారు. ఎక్కడెక్కడి మురుగంతా అందులోకే వచ్చేది. వానాకాలంలో తూము దగ్గర నీళ్ళు సుడి తిరిగి నురగ లేచేది. సబ్బు నురగలా తెల్లగా, మనిషెత్తు. గాలి వీస్తే రోడ్డు మీదికి ఎగిరొచ్చి బైకుల మీద వాలేది. జనం దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్ళు. ఒంటికి తగిలిన చోట దద్దుర్లు లేచేవి. ఇంట్లో వెండి దీపాలు తోమిన వారానికే నల్లబడేవి.

ఒక చలికాలం మధ్యాహ్నం ఆ చెరువు నడిమధ్య నుంచి పొగ లేచింది. ఎండిన గడ్డి అంటుకుందో, అడుగు నుంచి వచ్చే గ్యాసే అంటుకుందో మాకెవరూ చెప్పలేదు. మేమందరం మేడలెక్కి చూశాం. మామ తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నీళ్ళు కాల్తా ఉండాయి చూడే. ఇంగ ఏమేమి చూడాల్నో ఈ కండ్లతో," అన్నాడు. సాయంత్రానికి ఆరిపోయింది. ఆ మసి మా బట్టల మీద, పాల గిన్నె మూత మీద కూడా పడింది. అత్త అన్నీ మళ్ళీ కడిగింది.

ఇదంతా మాకు అలవాటైపోయింది. భయం అనేది రోజూ కనిపిస్తే భయంలా ఉండదు.

అది ఆదివారం. రాత్రంతా వాన పడి తెల్లవారేసరికి వెలిసింది. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. కింద కట్ట మీద ఒక అబ్బాయి కుక్కను తిప్పుతున్నాడు. మా ఎదుటి అపార్ట్‌మెంటులో ఉండేవాడు, ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గుంటూరు వైపు మనిషి. అప్పటికి నాకు ముఖం తప్ప ఏమీ తెలియదు. కుక్క గోధుమ రంగుది, ఇంకా పెద్దది కాలేదు. కొంగను చూసి గొలుసు విడిపించుకుని ఒక్క దూకు దూకింది. అది తేలిక కాబట్టి డెక్క దాన్ని మోసింది. గడ్డి మైదానంలో పరిగెత్తినట్టే పరిగెత్తింది. దాన్ని పిలుస్తూ ఆ అబ్బాయి కూడా కట్ట దిగాడు.

నేను పైనుంచి అరిచాను. వినిపించిందో లేదో. నాలుగైదు అడుగులు వేశాడు. పాత చాప చిరిగినట్టు ఆ పచ్చదనం చిరిగి, మనిషి నడుము దాకా దిగిపోయాడు. బయటికి రావాలని కాళ్ళు ఆడించేకొద్దీ డెక్క వేళ్ళు కాళ్ళకు చుట్టుకున్నాయి. ఛాతీ దాకా మునిగాడు. చేత్తో పట్టుకున్న ప్రతి మొక్కా అతనితోపాటే కిందికి వచ్చింది. అప్పుడు అరిచాడు, "అమ్మా, చచ్చిపోతున్నానే!"

నేను మెట్లు దిగి కట్ట మీదికి చేరేసరికి మామ అక్కడే ఉన్నాడు. కట్ట పక్కనే నిలిపిన టెంపోలో ఆయిలు చూసుకుంటున్నవాడు సరుకు కట్టే తాడు తీసుకుని వచ్చాడు. రెండుసార్లు విసిరాడు. తాడు డెక్క మీద పడింది గానీ అతనికి అందలేదు. మూడోసారి అందింది, కానీ బురద చేతులకు పట్టు దొరకలేదు. మామ టెంపో వెనక పలక ఊడదీసి డెక్క మీద పరిచాడు. తాడు ఒక కొస నడుముకు కట్టుకున్నాడు. రెండో కొస నా చేతిలో పెట్టి, "ఇడ్సద్దు," అన్నాడు.

నా వెనక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, పాలాయన వచ్చి తాడు పట్టుకున్నారు. మామ పలక మీద బోర్లా పడుకుని పాకుతూ వెళ్ళాడు. "గమ్మునుండప్పా! ఆడద్దు! నీ చెయ్యి నాకియ్యి!" అంటున్నాడు. చేయి అందింది. అందగానే ఆ అబ్బాయి ప్రాణభయంతో మామ మెడను రెండు చేతులా వాటేసుకున్నాడు. పలక పక్కకు ఒరిగింది. ఇద్దరూ మునిగిపోయారు.

వాళ్ళు మునిగిన చోట డెక్క మళ్ళీ దగ్గరికి జరిగి కలుసుకుంది. పైన ఏమీ లేదు. పచ్చగా, నున్నగా ఉంది. ఆ క్షణంలో నేను చూసినదానంత భయంకరమైనది నా జన్మలో ఇంకోటి లేదు. అక్కడ ఎవరూ ఎప్పుడూ లేరన్నట్టుగా ఉంది.

లాగాం. మా అరచేతులు చిట్లాయి. తాడు కదలదు, కదిలితే ఒక జానెడు. వాచ్‌మన్ ఏడుస్తూ లాగాడు. చివరికి ఒక నల్లటి ముద్ద ఒడ్డుకు వచ్చింది. అందులో ఇద్దరు మనుషులు ఉన్నారని కాళ్ళు చూస్తే గానీ తెలియలేదు. మామ దగ్గాడు, కక్కాడు, బూతులు తిట్టాడు. ఆ అబ్బాయికి స్పృహ లేదు. అపార్ట్‌మెంట్ వాళ్ళు కారులో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తారు.

కుక్క అవతలి ఒడ్డున తేలింది. ఒళ్ళు దులుపుకుని, కట్ట చుట్టూ తిరిగి, తోక ఊపుకుంటూ మా దగ్గరికి వచ్చింది.

మామ నడిచే ఇంటికి వచ్చాడు. వీధి కొళాయి కింద కూర్చుంటే అత్త బిందెలతో నీళ్ళు పోసింది. ఎంత పోసినా ఆ కంపు పోలేదు. ఎడమ కాలి పిక్క మీద ఏ సీసా పెంకో కోసి, లోతుగా గాటు పడింది. మామకు చక్కెర జబ్బు. అత్త పసుపు అద్దుతూ, "ఆస్పత్రికి పోదాం రా. ఆ నీళ్ళు మంచివి కాదు," అంది.

"సుమ్నె గమ్మునుండవే. గీరుకుపోయిండాది, అంతే. లోడు ఉండాది నాకు."

మర్నాడు టెంపో తోలాడు కూడా. ఆ మర్నాడు చలి జ్వరం వచ్చింది. కాలు మోకాలి దాకా ఉబ్బి, చర్మం నిగనిగలాడుతూ నల్లగా మారసాగింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, ఏ నీళ్ళలో దిగాడని అడిగింది. చెప్పాను. ఆమె బయటికి వెళ్ళి ఇంకో ఇద్దరు డాక్టర్లను వెంటబెట్టుకుని వచ్చింది.

ఆ అబ్బాయి కూడా అదే ఆస్పత్రిలో, పై అంతస్తులో ఉన్నాడు. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయాయట. వయసులో ఉన్నాడు కాబట్టి త్వరగానే కోలుకున్నాడు. లేచి నడవగలిగిన రోజు నుంచి కిందికి వచ్చి ఐసీయూ బయట కుర్చీలో మా పక్కన కూర్చునేవాడు. అత్త అతనివైపు చూసేది కాదు. అతను నాతోనే మాట్లాడేవాడు.

"నాకు యూట్యూబ్‌లో ఇలాంటివి చూడటం పిచ్చండీ," అన్నాడు ఒకసారి. "ఆఫ్రికాలో ఒక సరస్సు ఉందంట. అడుగు నుంచి గ్యాస్ పొంగి, రాత్రికి రాత్రి చుట్టుపక్కల ఊళ్ళలో నిద్రపోయినవాళ్ళు నిద్రలోనే పోయారంట. ఇంకెక్కడో అడవిలో ఒక నది మరుగుతూ పారుతుందంట, పడిన జంతువు ఉడికిపోతుందంట. అన్నం తింటూ చూసేవాణ్ణి అవన్నీ. మా బాల్కనీ కిందే ఉంది కదా ఇది. ఫ్లాట్ తీసుకున్నప్పుడు లేక్ వ్యూ అన్నారు. హ్యాపీగా ఫీలయ్యాను."

అతని గోళ్ళ సందుల్లో ఇంకా నలుపు ఉంది.

కాలు తీసేయాలని చెప్పిన రోజు మామకు పూర్తి తెలివి ఉంది. నన్నూ ఆ అబ్బాయినీ లోపలికి పంపమన్నాడు. మేం వెళ్ళేసరికి కప్పు వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. అబ్బాయి మంచం పక్కన నిలబడి చేతులు జోడించాడు.

మామే అడిగాడు, "కుక్క బాగుండాదా?"

"బాగుందండి."

"దానికేమీ కాలేదా?"

"లేదండి."

మామకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక, "నువ్వు తెలుగులో అరిస్తివప్పా," అన్నాడు. "ఇంగ్లీషులో హెల్ప్ గిల్ప్ అనింటే నేను దిగేవాణ్ణి కాదేమో. తాడు ఇసిరేసి ఊరుకునేవాణ్ణి. చచ్చిపోతాండానని మా ఇంట్లో పిల్లోడు అరిచినట్ల వినపడె. కాళ్ళు అవే దిగె."

"నేనేం అరిచానో నాకు గుర్తు లేదండీ," అన్నాడు ఆ అబ్బాయి.

"నాకు గుర్తుండాది," అన్నాడు మామ. "దిగకుంటే బాగుండు అనిపిస్తాది ఒక్కోసారి. అబద్ధమేంటికి చెప్పేది. కాలు లేకుంటే టెంపో ఎట్ల తోలేది?" అన్నాడు.

ఆ అబ్బాయి మంచం కమ్మీ పట్టుకుని వంగిపోయి ఏడ్చాడు. మామ చేయి చాచి అతని తల మీద పెట్టలేదు, ఓదార్చలేదు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "పొమ్మను," అన్నాడు నాతో. కోపంగా అనలేదు, అలిసిపోయి అన్నాడు.

కాలు తీసేశారు. అయినా ఆ నీళ్ళ విషం అప్పటికే నెత్తురులో కలిసిపోయింది. మూత్రపిండాలు ముందు ఆగాయి. ఆ తర్వాత మామకు మాట లేదు. ఒక ఉదయం నేను ఫ్లాస్కులో కాఫీ తీసుకుని వెళ్ళేసరికి అత్త కుర్చీలో కాకుండా నేల మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "పాయనే," అంది. కాఫీ అడిగి పోయించుకుని తాగింది. గ్లాసు కింద పెట్టాక ఏడ్చింది.

కర్మలు అయిపోయాక ఆ అబ్బాయి వాళ్ళమ్మను తీసుకుని వచ్చాడు. ఆమె ఊరి నుంచి రైలెక్కి నేరుగా వచ్చినట్టుంది, చీర నలిగి ఉంది. గుమ్మంలోనే అత్త కాళ్ళు పట్టుకోబోయింది. అత్త పట్టనివ్వలేదు. ఇద్దరికీ పీట వేసి, మజ్జిగ ఇచ్చింది. ఆమె, "వదినా, నా బిడ్డను నాకు దక్కించి వెళ్ళిపోయాడు అన్నయ్య. నేను ఏం చేసినా తీరదు. వాడు మీ కొడుకే అనుకోండి. నెలనెలా వచ్చి మిమ్మల్ని చూసుకుంటాడు," అంది.

అత్త మజ్జిగ గ్లాసులను ఆమె దగ్గరికి జరిపింది.

"నీ కొడుకు బతికినాడు. నాకు సంతోషమేనమ్మా, నిజంగా సంతోషమే," అంది. "వాని మీద నాకు కోపం లేదు. అయితే వాని మొకం చూస్తే నాకు ఆయప్పే అగుపిస్తాడు. వాడు వాకిట్లో నిలబడితే, ఈడుండాల్సింది ఇంకొకరు కదా అనిపిస్తాది. అట్ల అనుకోవడం నాకే బాగలేదు. ఇంగ రావద్దని చెప్పు. బాగుండమను."

అబ్బాయి అది విని తలూపాడు. వెళ్ళేటప్పుడు నావైపు చూశాడు గానీ నేను కూడా ఆగమని అనలేకపోయాను. ఆ నెల్లోనే ఫ్లాట్ ఖాళీ చేసి వెళ్ళిపోయాడని వాచ్‌మన్ చెప్పాడు. కుక్కను ఎవరికో ఇచ్చేశాడట.

ఆ తర్వాత ఎండాకాలంలో చెరువు శుభ్రం చేయడానికి యంత్రాలు వచ్చాయి. ఇనుప పళ్ళతో డెక్కను పెరికి ఒడ్డున గుట్టలు పోశారు. ఆ గుట్టల్లోంచి బయటపడినవి చూడటానికి ఊరంతా వచ్చేది. తుప్పు పట్టిన స్కూటరు, పరుపులు, ఒక గేదె అస్థిపంజరం కొమ్ములతో సహా. పూర్తయ్యేసరికి మా మేడ మీద నుంచి మొదటిసారి నీళ్ళు కనిపించాయి. నల్లగా, కదలకుండా, తారు పోసినట్టు ఉన్నాయి. సాయంత్రాలు ఆకాశం రంగు దాని మీద పడితే అపార్ట్‌మెంట్ల వాళ్ళు కట్ట మీదికి వచ్చి ఫోన్లు ఎత్తి పట్టుకునేవాళ్ళు.

మామ పోయాక అత్త ఆ వైపు తొంగి కూడా చూడలేదు. పాలకు వెళ్ళాలన్నా పై వీధి చుట్టి వెళ్ళేది. యంత్రాలు వెళ్ళిపోయాక ఒకరోజు తనే వచ్చి, "పోదాం పా, ఆ చోటు నాకు చూపించు," అంది.

కట్ట మీద నిలబడి నేను చేత్తో చూపించాను. పలక అక్కడ ఒరిగింది, వాళ్ళు అక్కడ మునిగారు అని. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. మా వాకిట్లోంచి కొళాయి దాకా ఉన్నంత దూరం కూడా లేదది.

"ఇంతేనా?" అంది. "ఈడనే కదే, ఒడ్డు పక్కనే ఉండాదే. నేను యాడో నడిమధ్యన అనుకుంటి."

"ఇక్కడే అత్తా," అన్నాను.

ఆమె ఇంకా కొంచెంసేపు అటే చూసింది. కంపు ఎక్కువగా ఉంది. నేను చేయి పట్టుకుంటే, పట్టనిచ్చింది. ఇద్దరం ఇంటికి వచ్చేశాం.