డాన్ ఎవెలియోకు సలాము

పదిహేడేళ్ళ ఎనిల్డా మొదటిసారి అకార్డియన్ వాయించేవాడి పక్కన నిలబడి పాడినప్పుడు, "ఈ పాటలకు ఆడగొంతు నప్పదు, పోయి చేపలు తోముకో" అన్నారు. ఆ కోపంతోనే ఆమె ముప్పై ఏళ్ళు పాడింది. మగ్దలేనా నది ఒడ్డున ఆమె గొంతు వినని ఊరు లేదు.

పాట మధ్యలో అకార్డియన్ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ సందులో పాడేవాళ్ళు ఎవరో ఒక పెద్దమనిషి పేరును, ఓ పొగడ్త తగిలించి, కేకవేసి చెప్పాలి. అదే సలాము. కసాయివాళ్ళకు, పోలీసులకు, ఆఖరికి మేయరుగారి ఉంపుడుగత్తెకు కూడా ఎనిల్డా సలాములు చెప్పింది, పళ్ళు నూరుకుంటూనే.

ఈసారి కార్మెన్ మాత పండుగకు సొంత ఊళ్ళోనే పాట. వేదిక ఎక్కబోతుంటే బృందం నాయకుడు తూలియో చీటీ అందించాడు. అందులో ఒకటే పేరు, డాన్ ఎవెలియో, అంటే ఎవెలియో దొరగారు. ఊరంతా చేపలు పట్టుకునే మడుగును ఎండగట్టి, కంచె వేసి, గేదెలను తోలినవాడు. ఎనిల్డా తమ్ముడు అమీల్కార్ వల చుట్టి పెట్టేసి, ఇప్పుడు ఆ గేదెల పాలే పితుకుతున్నాడు.

"వీడికా? నా నోటితోనా?"

"పాట పెట్టించిందే ఆయన, తల్లీ. చెప్పనంటే రేపటినుంచి ఇంట్లో కూర్చుని కర్రపెండలం తొక్క తీసుకో."

అకార్డియన్ ఆగింది. ముందు వరుసలో డాన్ ఎవెలియో టోపీ సర్దుకున్నాడు.

"సలాము!" ఎనిల్డా గొంతు చించుకుంది. "మడుగు మొత్తం మింగినా త్రేన్పు రాని మహానుభావుడు డాన్ ఎవెలియోకు!"

జనం ఒక్కసారిగా గొల్లున నవ్వారు. తూలియో మైకు లాక్కున్నాడు. "దిగు! ఇంక నా బృందంలో నీకు చోటు లేదు!"

కింద అమీల్కార్ ముఖం కందగడ్డలా ఉంది. "నీకేం, అరిచి దిగావు! పొద్దున్నే వాడి గేదెల దగ్గరికి పోవాల్సింది నేను కదక్కా!"

"ఇంకా పోతావా? సిగ్గులేదూ?"

"పోక? పిల్లలకు నీ పాట వండి పెట్టనా?"

ఈలోగా వేదిక మీద తూలియో, తేనె పూసిన గొంతుతో, "పేదల పాలిటి తండ్రి డాన్ ఎవెలియోకు..." అని అందుకున్నాడు.

"అబద్ధం!" ఎనిల్డా మళ్ళీ అరిచింది.

అమీల్కార్ ఆమె రెక్క పుచ్చుకుని ఇంటివైపు ఈడ్చుకుపోయాడు. మైకు లేకపోయినా ఆ అరుపు వీధి చివరిదాకా వినిపిస్తూనే ఉంది.