గ్రహణం నాడు కడిగిన జాడీ

సూర్యుణ్ణి రాహువు మింగితే మీ ఇంట్లో ఏమవుతుందో నాకు తెలియదు. నా పుణ్యమా అని ఒకసారి బెంగళూరు దండులో సిపాయిలు పొద్దుటి రొట్టె లేక పస్తుండబోయారు, ఇద్దరు అన్నదమ్ముల గుట్టు బయటపడింది, ఏ పాపమూ ఎరగని ఒక పట్టు వర్తకుడి తలపాగా పొంగింది. తలపాగా ఎలా పొంగుతుందని తొందరపడకండి. అక్కడికే వస్తున్నాను.

అవి యుద్ధం రోజులు. మాది హిందూపురం పక్కన పల్లె. రైలెక్కి ఒక కునుకు తీస్తే బెంగళూరు వచ్చేస్తుంది. అయినా రాజు వేరు, భాష వేరు కనక మా అమ్మ లెక్కలో అది పరదేశమే. "నా కొడుకు పరదేశం పోతుండాడు" అని వీధంతా చాటి, దారికని సజ్జరొట్టెలు ఇంత మూట కట్టింది. నేను పోతున్నదే దొరలు తినే పొంగురొట్టెలు నేర్చుకోడానికమ్మా అంటే, "అవి జొరమొచ్చినోళ్ళు తినేవి గదరా" అంది.

జ్వరమొచ్చినా రాకపోయినా నాకు ఆ విద్య కావాలి. మా మేనమామ ఖచ్చితంగా చెప్పేశాడు: "చేతిలో పని లేనోనికి పిల్లనియ్యను. ఏదో ఒకటి నేర్చుకొని రా, అప్పుడు లక్ష్మి నీదే." సిపాయిలు నిండిన ఊళ్ళో రొట్టెకున్న గిరాకీ ఇంక దేనికీ లేదని ఎవరో చెబితే విని బయలుదేరాను. పొయ్యి లేదు, పిండి లేదు, అంగడి పేరు మాత్రం శ్రీ లక్ష్మీ విలాస్ అని రైల్లోనే ఖాయం చేశాను.

నా గురువు బళేపేటలో రొట్టెల అంగడి మునిస్వామప్ప మామ. తాతల నాడే బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు. దండు అంటే కంటోన్మెంటు. అక్కడి పటాలానికి రోజూ తెల్లవారేసరికి వీళ్ళ రొట్టె అందాలి. నేను చేరిన కొత్తలో నాకు పిండి జల్లించడం తప్ప మరో పని ఇవ్వలేదు. పొద్దుగూకేసరికి నా మొహం ముగ్గు చిప్పలా ఉండేది. మూలన గోనెపట్టా చుట్టిన ఒక జాడీ ఉండేది. దాన్ని ముట్టుకుంటే మాత్రం మామ చేతిమీద కొట్టేవాడు.

గ్రహణం రోజు కోడి కూసే వేళకే మామా, నరసమ్మత్తా కావేరి స్నానానికి శ్రీరంగపట్నం బయలుదేరారు.

"ఓబులేసూ, మాపుటికి వచ్చేస్తాము. రాంగానే పిండి కలపాల. ఆ జాడీ భద్రమప్పా, ఈ అంగడి ప్రాణమంతా దాంట్లోనే ఉండాది" అన్నాడు మామ.

"నువ్వేమీ చేయద్దు నాయనా. సుమ్నే కూర్చో" అంది అత్త.

అత్త మాట ఒక్కటి విన్నా ఈ కథ ఉండేది కాదు. కానీ పనిమంతుణ్ణని అనిపించుకోవాలని ఉబలాటపడే వయసులో మనిషి ఊరికే ఎలా కూర్చుంటాడు?

మధ్యాహ్నం గ్రహణం విడిచింది. విడుపు స్నానం చేసి, మా అమ్మ చేసినట్టే అంతా శుద్ధి చేయడం మొదలుపెట్టాను. కడవల్లో నీళ్ళు పారబోశాను. మిగిలిన అన్నం కాకులకు పెట్టాను. ఇక ఏం మిగిలిందా అని చూస్తే జాడీ కనబడింది. గోనె విప్పి మూత తీశాను. గుప్పున పుల్లటి కంపు కొట్టింది, లోపల బుడగలు బుడగలుగా ఏదో పాత పిండి.

మామ భద్రమన్నది జాడీని కదా, పాపం, తొందరలో లోపలి పాత పిండి సంగతి మరిచిపోయినట్టున్నాడు, అనుకున్నాను. గ్రహణం పట్టిన పాచి పిండి ఇంట్లో ఉంటే, ఆ ఇంటి రొట్టె తిన్న సిపాయిలు యుద్ధమేం గెలుస్తారు? దేశం బాగు కోరి జాడీ ఎత్తి కాలవలో బోర్లించాను. పిండితోబాటు రెండు దర్భపుల్లలు జారాయి. దర్భ వేశారంటే దాన్ని దాచుకోవాలనే కదా అని మీకు వెంటనే తట్టింది. నాకు తట్టలేదు. ఎవరో తద్దినం పెట్టిన దర్భ గాలికి వచ్చి పడిందనుకున్నాను. బూడిదా, కొబ్బరిపీచూ పెట్టి తోమి తోమి, జాడీని తళతళా మెరిపించి ఎండలో బోర్లించాను.

పక్కన గాజుల అంగడి అవ్వ చూసి పలకరించింది. "ఏమప్పా, జాడీ ఎండలో పెట్టినావు? దాంట్లో పిండి యాడ?"

"కాలవలో ఏసినానవ్వా. గ్రహణం పట్టింది కదా."

అవ్వ గాజుల బుట్ట కింద పెట్టి, తానూ దాని పక్కన కూలబడింది. "అయ్యో నాయనా, మజ్జిగచుక్క లేకుండా పాలు తోడుకుంటాయా? రొట్టె పొంగేదానికి అదే తోడు. వాళ్ళ నాయన కాలం నుంచి దినామూ ఇంత మిగిలిచ్చి పెంచుకుంటా వస్తుండారు. ఇప్పుడు రేపటి రొట్టె రాయి మాదిరి ఉంటాది."

పటాలం వాళ్ళు ఇంకో అంగడి చూసుకోవడం, మామ నన్ను రైలెక్కించడం, లక్ష్మి మెడలో ఇంకెవడో తాళి కట్టడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ళముందు కదిలాయి. "ఆ తోడు ఇంకెక్కడా దొరకదా అవ్వా?"

"దండులో తిమ్మయ్య దగ్గర ఉండాది. మీ మామ తమ్ముడే. ఇల్లు పంచుకున్ననాడు పిండీ పంచుకున్నారు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు."

జాడీ కడగనేల, కాళ్ళు పట్టుకోనేల అనుకుంటూ, ఒక తపేలా చంకన పెట్టుకుని దండుకు పరుగెత్తాను. తిమ్మయ్య అన్నకంటే రెండింతల మనిషి.

"మా అన్న పంపినాడా?"

"లేదు మామా, గ్రహణం పంపింది" అని జరిగిందంతా ఏడుపు గొంతుతో చెప్పాను.

ఆయన అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించాడు. "ఏడవద్దప్పా. పోయిన గ్రహణానికి నేనూ ఇదే పని చేసినా. మా వదిన చాటుగా ఇంత పిండి పంపి నా అంగడి నిలబెట్టింది. ఈ మాట మా అన్న చెవిన పడకూడదు."

"గొంతు కోసినా చెప్పను మామా."

తపేలా నిండా పిండి పెట్టి ఇచ్చాడు. "మూత బిగించద్దు, దానికి ఊపిరాడాల. సెగ తగలనీయద్దు. బేగ పో."

బేగ పోవాలనే బస్సెక్కాను. అప్పట్లో పెట్రోలు కరువు. బస్సు వెనక ఒక డ్రమ్ము బిగించి, బొగ్గు మండించి ఆ గ్యాసుతో నడిపేవారు. డ్రమ్ము ముందున్న సీటు ఖాళీగా ఉంటే, నా అదృష్టం అనుకుని కూర్చున్నాను. ఎందుకు ఖాళీగా ఉందో కాసేపటికి నా వీపుకు తెలిసింది. పిండి ఒలికిపోతుందేమోనన్న భయంతో మూతను తువ్వాలుతో బిగించి కట్టి తపేలాను ఒళ్ళో పెట్టుకున్నాను. చెప్పిన రెండు జాగ్రత్తలూ అలా తీరాయి.

పక్కన జరీ తలపాగా పెట్టుకున్న దొడ్డబళ్ళాపురం పట్టు వర్తకుడు. కొంతదూరం పోయాక ఆయన అనుమానంగా చూశాడు. "ఏమప్పా, నీ తపేలా గుటగుటమంటా ఉండాది?"

"ఏం లేదన్నా, పిండి."

"పిండి గుటకలు మింగుతాదా? కోడిని గాని పెట్టినావా?"

ఈలోగా తువ్వాలు నిండు చూలాలి పొట్టలా లేచింది. చేత్తో అదిమాను. మోచేత్తో అదిమాను. చివరికి తపేలాను కౌగిలించుకుని గుండెతో అదిమాను. బస్సు ఒక గుంతలో పడి లేచింది. తువ్వాలు ఊడింది, మూత ఎగిరింది. పిండి సగం నా చొక్కామీద, సగం ఆయన జరీ తలపాగామీద పడింది. ఆయన తుడుచుకోబోతే రెండు చేతులూ పట్టుకున్నాను.

"అన్నా, నీ కాళ్ళు మొక్కుతా, తుడవద్దు. నీ తలకాయ మీద ఉండేది మా అంగడి ప్రాణం."

"నా తలకాయ మీద నీ అంగడేందప్పా? యాడుండాడు నీ యజమాని? చూపించు, నేను మాట్లాడతా."

నాకు కావలసిందీ అదే. బళేపేట వీధిలో ఆయన ముందు, నేను వెనక నడిచాం. ఎండకు ఆ పిండి తలపాగామీద మెల్లగా పొంగుతోంది.

అంగడి గుమ్మంలో మునిస్వామప్ప మామ మెరిసే జాడీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన తడిబట్టల మూటతో అత్త. మామ నా చొక్కా చూశాడు, ఆయన తలపాగా చూశాడు. వర్తకుడు నోరు తెరిచేలోగా ఆయన్ని పీటమీద కూర్చోబెట్టి, పెళ్ళికొడుక్కి నలుగు తీసినట్టు తలపాగా మీద పిండిని గరిటెతో గీకి జాడీలో వేశాడు. తర్వాత నా చొక్కా విప్పించి గీకాడు. అప్పుడడిగాడు. "ఈ పిండి యాడిది?"

"తిమ్మయ్య మామది."

"నా తమ్ముని దగ్గర అడుక్కున్నావా? నా మర్యాద ఏం కావాల?" అని కళ్ళెర్రజేశాడు.

గొంతు కొయ్యనక్కర్లేకపోయింది, ఆ కళ్ళే చాలాయి. "దాంట్లో తప్పేముంది మామా? పోయిన గ్రహణానికి ఆయన పారబోసుకుంటే మన అత్తే కదా చాటుగా పంపింది."

నరసమ్మత్త ఉన్నట్టుండి గోడమీద బల్లిని చూడసాగింది. మామ ఆమెనూ, జాడీనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పిండి మూటమీద చతికిలబడి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "అయితే నా పిండే నా ఇంటికొచ్చింది. ఓబులేసూ, తెల్లారి మొదటి రొట్టె తిమ్మునికి తీసుకపో. వాళ్ళన్న ఇచ్చినాడని చెప్పు."

"నన్ను ఊరికి పంపేస్తావా మామా?"

"పంపితే ఇంకో అంగడికి పోయి ఇంకో జాడీ కడుగుతావు. ఈడే ఉండు."

ఉన్నాను, నేర్చుకున్నాను, లక్ష్మి మెడలో తాళీ కట్టాను. మర్నాడు ఆ రొట్టె తిన్న సిపాయిలు దాంట్లో జరీపోగు వచ్చిందని ఎక్కడా ఫిర్యాదు చేయలేదు.

ఆ సాయంత్రమే ఆ జాడీ ముందు నిలబడి, దర్భ చేతబట్టి, ముక్కోటి దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఏ ఇంట్లోనూ, ఏ పాత్రనూ కడగను. ఇన్నేళ్ళుగా నిష్ఠగా పాటిస్తున్నాను. రోజూ అంట్లు ముందేసుకుని కూర్చున్నప్పుడు మాత్రం లక్ష్మి అంటూ ఉంటుంది, "పాపం చేసింది నువ్వు, ప్రాయశ్చిత్తం నాదా?" అని.