ఆ మాట ఎవరిది, టీచరమ్మా?

మా టీచరమ్మ పోయారు. సోమవారం పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ ఇక లేదమ్మా. నిద్రలోనే వెళ్ళిపోయింది. నీకు చెప్పాలనిపించింది" అంది. "అయ్యో అక్కా" అన్నాను. ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. నేనడగాల్సింది ఒకటుండగానే వెళ్ళిపోయారన్న కోపం. ఆవిడ గురించి చెప్పడానికి నా దగ్గర చాలా మంచి ఉంది. కానీ ఆ ఒక్కటీ దాచేస్తే, నేను రాసేది ఆవిడ గురించి కాదు.

2009లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి నల్లగొండ దగ్గరి మా ఊరి నుంచి అశోక్ నగర్ వచ్చాను. హాస్టల్ గదిలో ఆరుగురి మధ్య చదువు సాగక, ఆవిడ మేడ మీది గది కిరాయికి తీసుకున్నాను. టీచరమ్మ నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. గుంటూరు వైపు వాళ్ళు, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. భర్త పోయారు. కూతురు బర్కత్‌పురలో ఉండేది.

పొద్దున్నే ఎర్ర పెన్ను పట్టుకుని పేపరు చదివేవారు. అచ్చుతప్పు కనబడితే చుట్టూ సున్నా. మిఠాయి డబ్బా మీది అక్షరాలనూ వదిలేవారు కాదు. నా వ్యాసాలు కూడా దిద్దేవారు. ఒకసారి కోచింగ్ సెంటర్లో నేను ప్రశ్న అడిగితే వెనక బెంచీ వాళ్ళు నా యాసకు నవ్వారు. ఇంటికొచ్చి చెప్పుకుని ఏడ్చాను.

"పరీక్షలో రాసేది వేరు, నోటితో మాట్లాడేది వేరు. రెండూ నీవే" అన్నారు. "నీ మాట విని ఎవడైనా నవ్వితే, వాడికి తెలుగు సగమే వచ్చనుకో."

అవి తెలంగాణ కోసం రోజూ బంద్‌లు, ర్యాలీలు జరిగే రోజులు. మెస్ మూసేసిన రోజున నన్ను కిందికి పిలిచి, "వంటింట్లో ఏం కావాలంటే అది తీసుకో, అడగక్కర్లేదు" అన్నారు. అప్పటి నుంచి ఆ వంటిల్లు నాది కూడా అయింది. నేను ర్యాలీకి పోతానంటే ఎందుకని అడగలేదు. "నీళ్ళ సీసా పెట్టుకో, ఎండగా ఉంది" అన్నారు, అంతే.

2012లో మొదలైంది. ముందు మోకాళ్ళు మొరాయించాయి, తర్వాత చెవులు. అవి వయసుతో వచ్చేవేలే అనుకున్నాం. ఒకరోజు పేపరు తీసి చూస్తే, తప్పు లేని మాటల చుట్టూ ఎర్ర సున్నాలున్నాయి. ఆ నెలలోనే చిక్కడపల్లికి కూరగాయలకని వెళ్ళి నారాయణగూడ చౌరస్తాలో నిలబడిపోయారు. మమ్మల్ని ఎరిగిన చాయ్ దుకాణం అతను ఇంటిదాకా తీసుకొచ్చాడు.

"అక్కా, తొవ్వ మర్చిపోయినట్టుంది. అర్ధగంట సంది ఆడనే నిలబడ్డది. జర చూసుకోండ్రి."

అతను వెళ్ళాక టీచరమ్మ నా మణికట్టు పట్టుకున్నారు. "అమ్మాయికి చెప్పకు. ఈ ఇంట్లోంచి నన్ను తీసుకుపోతుంది. చెప్పనని మాటియ్యి."

మాటిచ్చాను. దాదాపు ఏడాది దాచాను. ఆవిడ బయటికి వెళ్తే వెనకే నడిచేదాన్ని. ఉప్పు రెండుసార్లు పడిన పప్పులో నీళ్ళు కలిపేదాన్ని. పొద్దుగూకితే ఆవిడకు భయం పట్టుకునేది. అప్పుడు పక్కన కూర్చుని బిగ్గరగా పాఠం చదివేదాన్ని. ఆ ఏడాది పరీక్ష పోయింది. బాధపడలేదు. ఆవిడ నన్నే నమ్ముకున్నారన్న గర్వం ఉండేది.

2013లో ఒక మధ్యాహ్నం కూతురు ఇద్దరు బంధువులతో వచ్చింది. నేను వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. టీచరమ్మ గుమ్మంలోకి వచ్చి నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఈ పిల్లని లోపలికి ఎవరు రానిచ్చారు? గిన్నెలన్నీ ముట్టుకుంది. కడిగించండి."

"ఏంది టీచరమ్మా, నేనే కదా" అన్నాను.

"ఏంది! గట్ల! ఇట్ల!" అని నా గొంతునే అనుకరించి నవ్వారు. "వీళ్ళదీ ఒక భాషేనా?"

బంధువులు తలలు దించుకున్నారు. కూతురు "అమ్మా!" అని అరిచింది. నేను చేతులు తుడుచుకుని మేడ మీదికి వెళ్ళిపోయాను.

సాయంత్రం కూతురికి అన్నీ చెప్పేశాను. "ఏడాది నుంచి తెలుసా? ఒక్క ముక్క చెప్పలేదేం?" అంది. వారం తర్వాత డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. నోటికొచ్చిన మాటను ఆపుకునే శక్తి పోయిందని, అది జబ్బేనని, మనసులో పెట్టుకోవద్దని ఆయన నాతో అన్నాడు.

"అయితే ఆ మాట ముందు నుంచే లోపల ఉండెనా సార్?" అని అడిగాను.

"చిన్నప్పుడు ఎక్కడో విన్నదై ఉండొచ్చు. ఆవిడ ఎన్నడూ నమ్మనిదీ అయి ఉండొచ్చు. నేను చెప్పలేనమ్మా."

ఆ నెలలోనే టీచరమ్మను బర్కత్‌పుర తీసుకెళ్ళారు. నేను నారాయణగూడలో వేరే గది చూసుకున్నాను. ఉద్యోగం వచ్చింది. ఆ కబురు కూడా ఆవిడకు చెప్పలేదు. ఆ మాట లోపల ఉన్నా నాలుగేళ్ళు దాన్ని పైకి రానివ్వలేదంటే, అదే ప్రేమేమో అని కొన్ని రోజులు అనిపించేది. నాలుగేళ్ళూ నేను మోసపోయానని మరికొన్ని రోజులు అనిపించేది. జబ్బని తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారలేదు. ఆ నోరు ఇంకెవరిదైనా అయితే మర్చిపోయేదాన్ని.

ఇన్నేళ్ళ తర్వాత పోయిన నెల ఆవిడ కూతురు ఫోన్ చేసి "ఏమీ తినట్లేదు, ఒక్కసారి రావూ" అంటే వెళ్ళాను. అడిగేయాలనే వెళ్ళాను. టీచరమ్మ బాల్కనీలో కుర్చీలో ఉన్నారు. సగమైపోయారు.

"ఎవరమ్మా?"

"నేను టీచరమ్మా, మేడ మీద ఉంటుంటి."

గుర్తుపట్టలేదు. నా చేయి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూశారు. "ఇంత చల్లగా ఉన్నాయేం?" అని రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దారు. రుద్దుతూ రుద్దుతూనే నిద్రలోకి జారారు. మెల్లగా తీసేసుకోమని కూతురు సైగ చేసింది. నేను తీసుకోలేదు. ఎండ ఆవిడ ఒళ్ళోంచి నేల మీదికి దిగి, గోడ దాకా వెళ్ళిపోయింది. నా వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఆవిడ పట్టు మాత్రం సడలలేదు.