కొండ మీద కువైట్ టైము

కువైట్‌లో, అబ్బాసియాలో మా అమ్మాయి సరుకులు కొనే కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండరులో ఆగస్టు పేజీకి మంచుకొండ బొమ్మ వేశారు. బయట ఎండకి తలుపు గొళ్లెం ముట్టుకోలేం, గోడ మీద మంచు. అలాంటి కొండ నేనొకటి ఎక్కాను. 1990 ఆగస్టు 2, గురువారం.

అప్పుడు నేనూ మా చెల్లెలూ కువైట్‌లోనే రుమైథియాలో ఒకే ఇంట్లో పని చేసేవాళ్లం. ఆ వేసవికి మామా, అంటే ఆ ఇంటావిడ, పిల్లలతో స్విట్జర్లాండు వెళ్తూ మాలో ఒకరిని రమ్మంది. పెద్దదాన్నని నేనే బయలుదేరాను. చెల్లెలు ఆవిడ అత్తగారికి తోడుగా ఉండిపోయింది. ముసలావిడ మాత్రల వేళలు చెల్లెలికి గుర్తుండవని నా బెంగ. అందుకే నా గడియారాన్ని అక్కడి టైముకు మార్చలేదు. అక్కడికంటే కువైట్‌లో గంట ముందు. రోజూ వేళకి ఫోన్ చేసి గుర్తు చేసేదాన్ని.

ఆ రోజు తెల్లవారగానే కొండకి బయలుదేరాం కాబట్టి ఫోన్ కుదరలేదు. కొండ మీదకైనా మచ్‌బూస్ అన్నం లేనిదే మామా కదలదు. గిన్నె నా నెత్తిన, టీ ఫ్లాస్కు చేతిలో. చేతికర్రలతో ఎక్కే దొరలు ఆగి మరీ చూశారు. పైకి నలభై మూడు మలుపులు. మామా ప్రతి మలుపులోనూ కూర్చుని, పిల్లల్ని మాత్రం యల్లా యల్లా అని తరిమేది. నా గడియారంలో పది కాగానే, ఈపాటికి బీపీ మాత్ర వేసి ఉంటుంది అన్నాను. కొండెక్కినా నీ పోరు తప్పలేదని మామా నవ్వింది.

మధ్యాహ్నం దిగేసరికి హోటల్లో అందరూ రేడియో చుట్టూ ఉన్నారు. తెల్లవారకముందే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసిందట. ఇంటికి ఫోన్ చేస్తే మోగింది, ఎవరూ ఎత్తలేదు. మర్నాటికి అదీ మోగలేదు. నా బదులు చెల్లెల్ని పంపి ఉంటే అన్న మాట మామాతో అనలేకపోయాను.

నెలాఖరుకి మామా నన్ను ఊరికి పంపేసింది. చెల్లెలు ముసలావిడని బంధువులకి అప్పగించి, బస్సుల్లో జోర్డాన్ చేరి, అక్కణ్నించి విమానంలో బొంబాయి వచ్చిందని కబురందింది. సెప్టెంబరు 27న రాయచోటి బస్టాండులో దిగింది. మనిషి సగమైపోయింది. పరుగెత్తివెళ్లి నేనడిగిన మొదటి మాట, "మాత్రలు వేళకిచ్చినావా?"

చెల్లెలు చేతిలో సంచి కింద పెట్టింది.

"తుపాకులు పేల్తాంటే మాత్రల లెక్క అడుగుతాండావా అక్కా. ఇచ్చినాలే, ఒక్క పూట తప్పల్యా."

తర్వాత ఎన్నోసార్లు అన్నీ విడమరిచి చెప్పింది, నేనూ అడిగాను. కానీ ఎట్లుండావే అని ముందుగా అడగాల్సిన వేళ ఆ బస్టాండులో ఒక్కసారే వచ్చింది, దాన్ని నేను దాటబెట్టుకున్నాను.