అక్క మొక్కిన తూకం

నిన్న తిరుపతి బజారులో బెల్లం తూస్తుంటే కాటా మీద అంకె కిలో నూరు గ్రాముల దగ్గరికి రాగానే చాలన్నాను. కిలోంపావు చేసుకోండి సార్ అంటూ అంగడాయన ఇంకో ముక్క వేయబోయాడు. ఏటా ఈ రోజుల్లో ఆయన వేయబోతాడు, నేను వద్దంటాను.

నా ఉద్యోగమూ తూకమే. పరమాణువు నడుమ ఉండే కేంద్రకాలను, అందులోనూ పుట్టిన క్షణంలోనే చెదిరిపోయే వింత రకాలను, అయస్కాంతం మధ్య గిరగిరా తిప్పి, ఆ తిరిగే వేగాన్ని బట్టి బరువు కనుక్కుంటాం. ఆకాశంలో బంగారం లాంటి మూలకాలు ఎలా తయారయ్యాయో తెలియాలంటే ఆ బరువులు కావాలి. మా అమ్మ మాత్రం నేను కాటా ఆఫీసులో ఉన్నానని ఇరుగుపొరుగుకు చెప్పేది. అది నమ్మి బంగారుపాళ్యం మామిడి రైతు ఒకాయన, గుజ్జు ఫ్యాక్టరీ కాటా మీద అనుమానంగా ఉంది, వచ్చి చూడమని ఇంటికే వచ్చాడు. నా చేత కాదంటే ఆయన నమ్మలేదు.

పెళ్లయిన పన్నెండేళ్లకు అక్కకు ఏడో నెలలోనే ఆడబిడ్డ పుట్టింది. బిడ్డ నిలిస్తే కొండ మీద దాని బరువు బెల్లం తులాభారం ఇస్తానని అక్క మొక్కుకుంది. ఆసుపత్రిలో నర్సమ్మ రోజూ పొద్దున్నే తూచేది. అద్దం బయట నిలబడి చూసి, ఆ అంకె అక్కకు చెప్పడం నా వంతు. కోటి వంతుల్లో ఒక వంతు తేడా పట్టుకునే చదువు నాది. ఆ బిడ్డకు పది గ్రాములు కలపలేకపోయాను. అంత చేతకానితనం నేను మళ్లీ ఎరగను.

ఒకరోజు అక్క అడిగింది. "రెప్పపాటు కూడా బతకనివాటిని తూస్తావంట గదరా. అవి పోయినాక ఆ బరువుతో ఏం పని?"

అవి పోతూ వేరేవాటిగా మారతాయని, తన కమ్మల్లో బంగారం కూడా అట్లాంటి అల్పాయుష్కుల నుంచే వచ్చిందని చెప్పాను. అక్క చెవి కమ్మ తడుముకుంది.

తొమ్మిదో రోజు బిడ్డ పోయింది. నెల దాటాక, కడాకు ఎంత తూగిందని అక్క అడిగితే చెప్పాను. బిడ్డ నిలిస్తేనే కదా మొక్కు అని బావ మెల్లగా అన్నాడు. అక్క వినలేదు. అంత బెల్లమే మూట కట్టుకుని కొండెక్కింది, నేను వెంట వెళ్లాను. తులాభారం దగ్గర ఉన్నాయన, బిడ్డ ఏదమ్మా అని అడిగారు.

"వచ్చి పోయింది సామీ. ఇది దాని బరువు."

ఆయన మూటను రెండు చేతులా అందుకున్నారు.

ఏటా కొండెక్కిన ఆ రోజున అక్క పరమాన్నం వండి వీధిలో అందరికీ పంచుతుంది, అదే తూకం బెల్లం తేవడం నా పని. ఏళ్లు చాలా గడిచాయి. ఆ తొమ్మిది రోజులు ఎంత కాలమో మాత్రం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.