రాలిపోయిన ‘అంట’

నాచారంలో రెబెక్కా టీచర్ ఒకసారి ఐదు వందల మందిని రెండక్షరాలతో ఆపేసింది. సరే, ఐదు వందలు కాదు. ఇరవై మంది ఉంటారేమో, అందులో నలుగురు మిఠాయి కోసం నిలబడ్డవాళ్లే. అక్షరాలు మాత్రం రెండే, ఒట్టు.

ఆ గుంపు మధ్యలో చిక్కినవాడు బాలరాజు. ఫ్యాక్టరీలో పని పోయాక హైస్కూలు గేటు దగ్గర పీచుమిఠాయి అమ్మడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండానే అతని ఫొటో ఫోన్లకెక్కింది: ‘పిల్లల్ని ఎత్తుకపోతుండు, పైలం!’ ఒకాయన చొక్కా పట్టుకున్నాడు. గులాబీ రంగు పొట్లాలు కాళ్లకింద నలిగిపోతున్నాయి. “నేను గాదన్నా” అంటున్న మాట బాలరాజుకే వినబడలేదు.

అంతలో పదో తరగతి పిల్లలతో టీచర్ బయటికి వచ్చింది. ఫోన్లో వచ్చే వార్తను ఎలా నమ్మాలో, ఎలా నమ్మకూడదో వాళ్లకు నేర్పేది ఆమే.

“అన్నా, ఎత్తుకపోంగ మీరు సూసిన్రా?”

“సూసుడేంది టీచర్? ఫోన్ల వచ్చింది.”

“గట్లయితే ఎత్తుకపోతుండంట అనాలె. మీ ‘అంట’ యాడ పడిపోయింది?”

ఎవరో కిసుక్కున నవ్వారు. చొక్కా మీద పట్టు కాస్త సడలింది. తన గురించి ఒకరు ఒక ప్రశ్న అడగడం బాలరాజుకు అదే మొదలు.

“ఎవరు పంపిన్రు మామా?” అంది హరిణి అనే పిల్ల.

“మా బామ్మర్ది.”

బామ్మర్దికి పక్కింటామె పంపిందట. ఆమెకు సారలమ్మ. పిల్లలు సారలమ్మకే ఫోన్ కలిపి అందరికీ వినిపించారు.

“నేనెప్పుడన్ననే గట్ల? మిఠాయాయన కొత్తగొచ్చిండు, పోరలు బడి ఇడిసి ఆయన ఎంబడి పోతున్నరంట, జర సూస్కోండ్రి అన్న. గంతే!”

‘ఎంబడి పోతున్నరంట’ ఒక ఇంట్లో ‘ఎంబడి తీస్కపోతుండు’ అయింది, ఇంకో ఇంట్లో ‘ఎత్తుకపోతుండు’ అయింది. చొక్కా పట్టుకున్న చెయ్యే కాలరు సర్దింది. “ఏమనుకోకు తమ్మీ.”

బాలరాజు ఇప్పటికీ అక్కడే అమ్ముతున్నాడు. కొన్నవాళ్లకల్లా ఈ కథ వినిపిస్తాడు, నాకు చెప్పిందీ అతనే. చెప్పినప్పుడల్లా గుంపు పెరుగుతుంది. మొన్న ఐదు వందల దగ్గరున్నప్పుడు టీచరే ఎదురొచ్చింది.

“నా పానం నిలబెట్టిన తల్లి!” అని పెద్ద పొట్లం ఆమె చేతిలో పెట్టాడు.

టీచర్ పొట్లం విప్పి, ఇంత తుంచి నోట్లో వేసుకుంది.

“గట్లేం జరగలే. ఆ దినం నేను గేటుకాడికి రానే రాలే. ఒక్క ముక్క నిజం గాదు.”